మావోరీల భూమి ఎలా పోయింది: తుపాకీ కొంత, పట్టా చాలా

న్యూజిలాండ్ మొత్తం విస్తీర్ణం సుమారు 6.6 కోట్ల ఎకరాలు. 1840లో ఇది దాదాపు అంతా అక్కడి మూలవాసులైన మావోరీల చేతిలోనే ఉంది. ఇవాళ అక్కడి చట్టం మావోరీ భూమిగా గుర్తించేది అందులో ఐదారు శాతం. మధ్యలో ఏం జరిగిందంటే, తెల్లవాళ్ళు తుపాకులతో వచ్చి లాక్కున్నారని చాలామంది టకీమని చెప్పేస్తారు. లాక్కున్న మాట నిజమే. కానీ లెక్క కుదరదు. యుద్ధాల పేరు చెప్పి సర్కారు జప్తు చేసింది 30 లక్షల ఎకరాలకు కాస్త పైన. మిగతా కోట్ల ఎకరాలు సంతకాలతో, సర్వేలతో, కోర్టు ఉత్తర్వులతో, సేల్ డీడ్లతో పోయాయి. మావోరీలు కూడా కత్తులకన్నా ఎక్కువగా హద్దు కొయ్యలతో, పిటిషన్లతో, నాగళ్ళతో పోరాడాల్సి వచ్చింది అందుకే.

మొదటి కాగితం 1840 ఫిబ్రవరి 6 నాటి వైటాంగి ఒప్పందం. బ్రిటిష్ రాణి తరఫున విలియం హాబ్సన్, మావోరీల తరఫున తెగల పెద్దలు సంతకాలు చేశారు. తర్వాతి నెలల్లో ఊరూరా తిప్పితే మొత్తం 500 మందికి పైగా పెద్దలు సంతకం పెట్టారు. వాళ్ళలో అత్యధికులు చూసింది మావోరీ ప్రతినే. రాణికి పాలించే అధికారం ఇస్తున్నాం గానీ మా భూముల మీద, ఊళ్ళ మీద పెత్తనం మాదేనని ఆ ప్రతిని బట్టి వాళ్ళకు అర్థమైంది. ఇంగ్లీషు ప్రతి సార్వభౌమాధికారం మొత్తం రాణికి ధారపోసింది. ఈ తేడా మీద 180 ఏళ్ళుగా చర్చ నడుస్తూనే ఉంది. దానంత పేరు రాకపోయినా, భూమి సంగతికొస్తే ఇంకో షరతు ఎక్కువ పని చేసింది: మావోరీలు భూమి అమ్మదలిస్తే ముందు రాణికే అమ్మాలి. దాన్ని ఆచరణలో "సర్కారుకు తప్ప ఇంకెవరికీ అమ్మకూడదు" అని అమలు చేశారు. బజార్లో కొనేవాడు ఒక్కడే ఉంటే ధర ఎవరు నిర్ణయిస్తారో చెప్పనక్కర్లేదు. చౌకగా కొని, వలసదారులకు ఎక్కువ ధరకు అమ్మి, ఆ లాభంతో వలస రాజ్యాన్ని నడపడం సర్కారు పద్ధతి అయింది.

న్యూజిలాండ్‌లోని రెండు పెద్ద ద్వీపాల్లో ఒకటైన దక్షిణ ద్వీపం ఇలాగే చేజారింది. 1848లో హెన్రీ కెంప్ అనే అధికారి న్యాయి టాహు తెగ దగ్గర ఒకే దస్తావేజుతో కొన్నది, అప్పటి లెక్కలో 2 కోట్ల ఎకరాలు. తర్వాతి కొలతల్లో అది 1.35 కోట్ల ఎకరాల దాకా తేలింది. ధర 2,000 పౌండ్లు. ఊళ్ళు, పంట చేలు, చేపలు పట్టే చోట్లు, తిండి సేకరించుకునే తావులు వాళ్ళకే వదులుతామని, సరిపడా భూమి రిజర్వులుగా పెడతామని మాట ఇచ్చారు. చివరకు కొలిచి ఇచ్చింది సుమారు 6,400 ఎకరాలు. న్యాయి టాహు వాళ్ళు ఆ మరుసటి ఏడాదే ఫిర్యాదు మొదలుపెట్టారు. అది తెమిలింది 1998లో. తుపాకీ ఒక్కసారి పేలకుండా ఒక దేశంలో పెద్ద భాగం చేతులు మారిందంటే కారణం ఇది.

ఉత్తర ద్వీపంలో అంత తేలిగ్గా జరగలేదు. 1858 జనాభా లెక్కలకల్లా వలసదారులు మావోరీలను మించిపోయారు, వాళ్ళకు భూమి కావాలి. మావోరీల చేతిలో ఇంకా ఆ ద్వీపంలో నాలుగింట మూడొంతుల పైన ఉంది. ఇక అమ్మేది లేదని తెగలు కట్టు కట్టుకోవడం మొదలైంది. అదే ఏడాది వైకాటో ప్రాంతంలో పోటాటౌ టె ఫెరోఫెరోను రాజుగా నిలబెట్టారు. రాజు ఎందుకంటే, ఎవరి భూమి వాళ్ళు విడివిడిగా అమ్ముకోకుండా అందరి భూమీ ఒక్క నీడ కింద ఉంచడానికి. వలస పత్రికలు దీన్ని తిరుగుబాటు అన్నాయి. నిజానికి ఇది భూమి అమ్మకాల మీద నిషేధం.

గొడవ ముదిరింది వైటారాలో. టారనాకి తీరంలో, వైటారా నది ఒడ్డున ఉన్న 600 ఎకరాల పెకాపెకా బ్లాకును అమ్ముతానని 1859లో టెయిరా అనే చిన్నపాటి పెద్ద ముందుకొచ్చాడు. ఆ ప్రాంతానికి పెద్ద దిక్కయిన విరెము కింగి నిండు సభలో గవర్నర్ ఎదుట లేచి, వైటారాను వదలనని చెప్పి తన మనుషులతో బయటికి నడిచాడు. మావోరీ ఆచారంలో ఒక ఉపతెగ భూమిని ఒక కుటుంబం అమ్మడం కుదరదు. పెద్ద వద్దంటే బేరం అక్కడితో చచ్చినట్టే. గవర్నర్ గోర్ బ్రౌన్ మాత్రం ఎవరి వాటా వాళ్ళు అమ్ముకోవచ్చని తేల్చి, 1860 ఫిబ్రవరిలో సర్వే వాళ్ళను పంపాడు. కింగి జనం ఆయుధాలు తీయలేదు. సర్వే గొలుసులు లాగుతుంటే ఆడవాళ్ళు అడ్డం పడ్డారు. పాతిన కొయ్యలు పీకి పారేశారు. దానికి సర్కారు ఇచ్చిన జవాబు మార్షల్ లా. మార్చి 17న కింగి మనుషుల టె కోహియా కోట మీద ఫిరంగులు పేలాయి.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. 1863లో కొత్త గవర్నర్ జార్జ్ గ్రే విచారించి, వైటారా కొనుగోలు తప్పేనని ఒప్పుకుని దాన్ని రద్దు చేశాడు. అయినా భూమి తిరిగి రాలేదు. ఈలోగా యుద్ధం జరిగింది కదా, యుద్ధం చేసినవాళ్ళు తిరుగుబాటుదారులు కదా! 1865లో అదే వైటారాను జప్తు కింద కలిపేసుకున్నారు. కొనడానికి హక్కు లేదని ఒప్పుకున్న భూమినే, కొననివ్వలేదన్న నేరానికి శిక్షగా తీసుకున్నారు.

వైకాటో సంగతి ఇంకా పెద్దది. 1863 జులై 12న జనరల్ కామెరన్ సైన్యం మంగటాఫిరి వాగు దాటి రాజు ప్రాంతంలోకి దిగింది. ఆ ఏడాది చివర్లో పార్లమెంటు న్యూజిలాండ్ సెటిల్‌మెంట్స్ చట్టం చేసింది. ఏ జిల్లాలోనైనా తెగలో కొందరు తిరుగుబాటు చేశారని సర్కారు అనుకుంటే, ఆ జిల్లా భూమి తీసుకుని వలసదారులకు పంచొచ్చు. యుద్ధ ఖర్చులకు లండన్‌లో తేవాలనుకున్న 30 లక్షల పౌండ్ల అప్పును ఆ భూములు అమ్మి తీర్చాలని ప్లాను. వైకాటోలో 12 లక్షల ఎకరాలు, టారనాకిలో దాదాపు అంతే. సర్కారు వైపు నిలబడ్డ వాళ్ళ భూములు కూడా ఆ గీతల్లో పడిపోయాయి. మేము విధేయులమేనని పరిహార కోర్టుకు వెళ్ళి నిరూపించుకోవాలి. ఎవరు ఎంత తిరగబడ్డారన్న దానికన్నా ఏ నేల ఎంత మంచిదన్నదే గీతల్ని ఎక్కువగా నడిపించింది.

మిగతా చోట్ల జప్తులూ కలిపినా 30 లక్షల పైచిలుకే. అసలు పని చేసింది నేటివ్ ల్యాండ్ కోర్టు. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధగా చదవాల్సింది దీని గురించే. జనానికి తక్కువ తెలిసిందీ ఇదే. దీని గురించి సినిమా తీయడానికి ఏమీ ఉండదు మరి.

మావోరీల పద్ధతిలో ఒకే నేల మీద రకరకాల హక్కులుండేవి. ఒక కుటుంబం చిలగడదుంప వేసుకుంటుంది, పక్క ఉపతెగకు అదే వాగులో ఈల్ చేపలు పట్టే హక్కు, ఇంకొకరికి ఏడాదిలో కొన్ని నెలలు అడవిలో పిట్టలు పట్టే హక్కు. ఎవరూ పట్టాదారు కారు, అందరూ హక్కుదారులే. 1862, 1865 చట్టాలు దీన్ని ఇంగ్లీషు తరహా పట్టాగా మార్చడానికి కోర్టు పెట్టాయి. సర్కారుకే అమ్మాలన్న షరతునూ ఎత్తేశాయి. ఇక ప్రైవేటు కొనుగోలుదారులు నేరుగా రావచ్చు.

కోర్టు ఎలా నడిచిందో చూడండి. ఒక బ్లాకు మీద హక్కు ఉందని ఒక్క మనిషి దరఖాస్తు పెడితే చాలు, కేసు మొదలైనట్టే. మిగతా వాళ్ళకు పట్టా ఇష్టం ఉన్నా లేకపోయినా హాజరు కావాలి. రాకపోతే, వచ్చినవాళ్ళ సాక్ష్యం మీద తీర్పు. కోర్టు కూర్చునేది వలసదారుల పట్నాల్లో. విచారణ వారాలు, ఒక్కోసారి నెలలు సాగేది. ఊళ్ళకు ఊళ్ళు చేలు వదిలి వచ్చి ఊరి బయట గుడారాలేసుకునేవాళ్ళు. తిండి, దుప్పట్లు, మందు అన్నీ షావుకారు దగ్గర అరువు. లాయరు ఫీజు, కోర్టు ఫీజు సరే, అన్నిటికన్నా పెద్దది సర్వే ఖర్చు. సర్వే లేకుండా పట్టా రాదు, డబ్బు కట్టకపోతే ఆ ఖర్చు భూమి మీదే బాకీగా ఎక్కుతుంది. గెలిచినవాడు కూడా కోర్టు నుంచి అప్పుతోనే బయటికొచ్చేవాడు. ఆ అప్పు తీరడానికి చేతిలో ఉన్నది ఆ గెలిచిన భూమే.

అన్నిటి మీదా పది మంది నియమం ఒకటి. 1865 చట్టం కింద 5,000 ఎకరాల లోపు బ్లాకుకు పట్టాలో పది మంది పేర్లకు మించి రాయరు. ఆ పది మంది తెగ తరఫున ధర్మకర్తల్లా ఉంటారని తెగ వాళ్ళు అనుకున్నారు. చట్టం మాత్రం వాళ్ళనే పూర్తి యజమానులన్నది. ఊరుమ్మడి చెరువును పది మంది పెద్దల పేర పట్టా చేసి, వాళ్ళు అమ్మితే చెల్లుతుందనడం లాంటిది ఇది. పెద్ద బ్లాకులకు తెగ పేర పట్టా ఇచ్చే వీలు చట్టంలో ఉన్నా, కోర్టు దాన్ని దాదాపు వాడలేదు. ఉత్తర ద్వీపం తూర్పు తీరాన హాక్స్ బేలోని హెరెటౌంగా బ్లాకు దీనికి మంచి ఉదాహరణ. 19,000 ఎకరాల పైన, మేలైన మాగాణి, పట్టాలో పది పేర్లు. కొనాలనుకున్న వాళ్ళు పది మందినీ ఒకచోట కూర్చోబెట్టి అడగలేదు. షావుకారు అప్పుల పేరు చెప్పి ఒక్కొక్కరి దగ్గరికీ విడివిడిగా వెళ్ళారు. వాళ్ళలో హెనారె టోమోవానా సర్కారు వైపున యుద్ధం చేసిన మనిషి. అయినా అప్పుల వాళ్ళు వదల్లేదు. 1870కల్లా అందరి సంతకాలూ పడ్డాయి. పట్టాలో పేరు లేని వందల మందికి చెప్పుకోవడానికి చోటే లేదు. 1873లో దీని మీద కమిషన్ వేశారు, విచారణ జరిగింది. భూమి రాలేదు.

ఆ ఏడాదే చట్టం మార్చి, పది మంది బదులు హక్కుదారులందరి పేర్లూ రాయమన్నారు. చూడ్డానికి న్యాయంగా ఉంది. ఫలితం ఇంకా అధ్వాన్నం. ఇప్పుడు ప్రతి మనిషికీ విడి వాటా, ప్రతి వాటా విడిగా అమ్మకానికి. తెగగా కూర్చుని నిర్ణయం తీసుకునే దారి చట్టంలో లేదు. తల్లిదండ్రుల వాటా పిల్లలందరికీ సమానంగా పోవాలని కోర్టు అంతకుముందే తేల్చింది. తరానికో ముక్క చొప్పున వాటాలు చీలాయి. తెగల ఉమ్మడి పద్ధతిని విరగ్గొట్టడమే ఈ చట్టాల ఉద్దేశాల్లో ఒకటని, న్యాయశాఖ మంత్రిగా పనిచేసిన హెన్రీ సూవెల్ 1870లో సభలోనే దాపరికం లేకుండా చెప్పాడు. కోర్టుకు ఎదురు చెప్పడానికి ఒప్పందం ఉంది కదా అంటే, 1877లో ప్రధాన న్యాయమూర్తి ప్రెండర్‌గాస్ట్ వైటాంగి ఒప్పందానికి చట్టపరంగా విలువే లేదని తీర్పిచ్చాడు. 1890 నాటికి ఉత్తర ద్వీపంలో మావోరీలకు మిగిలింది సుమారు 40 శాతం.

ఈ కాగితాల యుద్ధానికి ఎదురుగా నిలబడిన ఊరు పరిహాకా. టారనాకి కొండ నీడలో, జప్తు చేసినట్టు ప్రకటించినా ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని నేల మీద టె విటి, టోహు కాకహి అనే ఇద్దరు పెద్దలు ఆ ఊరు కట్టారు. భూములు పోయినవాళ్ళు అన్ని వైపుల నుంచీ వచ్చి చేరారు. ఆయుధం పట్టకూడదన్నది అక్కడి నియమం. 1870ల చివర్లో సర్వే వాళ్ళు వచ్చి, ఇస్తామన్న రిజర్వుల గుర్తులేవీ పెట్టకుండా చేలకు అడ్డంగా కొయ్యలు పాతడం మొదలుపెట్టారు. 1879 మే నెలలో పరిహాకా మనుషులు ఎద్దుల్ని, నాగళ్ళను తోలుకుని వలసదారుల పచ్చిక బయళ్ళలోకి వెళ్ళి దున్నడం మొదలుపెట్టారు. మాది అన్న నేలను దున్నడం, అంతే. అరెస్టు చేస్తే చేతులు చాచారు, వాళ్ళ చోట మరుసటి రోజు ఇంకొందరు నాగలి పట్టారు. మరుసటి ఏడాది కంచెల వంతు వచ్చింది. రోడ్డు వేసేవాళ్ళు చేల మధ్య నుంచి కంచెలు విరగ్గొట్టుకుంటూ పోతే, వీళ్ళు మళ్ళీ కట్టేవాళ్ళు. మళ్ళీ విరగ్గొడితే మళ్ళీ కట్టేవాళ్ళు. వందల మందిని పట్టుకున్నారు, విచారణ లేకుండానే ఉంచడానికి ప్రత్యేక చట్టాలు చేశారు, దక్షిణాన డునెడిన్ లాంటి చలి ఊళ్ళ జైళ్ళకు తరలించారు.

1881 నవంబర్ 5న మావోరీ వ్యవహారాలు చూసే నేటివ్ మంత్రి జాన్ బ్రైస్ గుర్రమెక్కి, సుమారు 1,600 మంది సాయుధులతో ఊరి మీదికి వచ్చాడు. ఎదురొచ్చింది పిల్లలు. పాటలు పాడుతూ, తాళ్ళాట ఆడుతూ దారికి అడ్డంగా కూర్చున్నారు. వాళ్ళ వెనక, వచ్చేవాళ్ళ కోసమని కాల్చి పెట్టిన 500 రొట్టెలు. పెద్దవాళ్ళు బయలులో కూర్చుని ఉండిపోయారు, ఒక్కరూ లేవలేదు. టె విటిని, టోహును అరెస్టు చేసి, ఇళ్ళు, పంటలు పాడు చేసి, బయటి ఊళ్ళ వాళ్ళని పదిహేను వందల మందికి పైగా తరిమేశారు. ఇద్దరు పెద్దలనూ విచారణ లేకుండా 1883 దాకా ఉంచారు. గాంధీగారు సత్యాగ్రహాన్ని వీళ్ళ దగ్గరే నేర్చుకున్నారని ఇంటర్నెట్‌లో తెగ తిరుగుతుంటుంది. గట్టి ఆధారం లేదు. 1881లో ఆయనకు పన్నెండేళ్ళు. అయినా పరిహాకా గొప్పతనానికి ఆ సర్టిఫికెట్ అవసరం లేదనుకుంటాను.

పరిహాకాలో ఎక్కువమంది గమనించనిది ఆ తర్వాతి అధ్యాయం. టారనాకిలో కొంత భూమిని మావోరీల రిజర్వుగా "తిరిగి ఇచ్చారు". ఇచ్చి, వెంటనే పబ్లిక్ ట్రస్టీ అనే సర్కారు అధికారి చేతిలో పెట్టారు. ఆయన వాటిని వలసదారులకు కౌలుకిచ్చాడు. 1892 చట్టంతో ఆ కౌళ్ళు శాశ్వతమయ్యాయి. 21 ఏళ్ళకోసారి రెన్యూవల్, అదీ కౌలుదారు కోరినంత కాలం, కౌలు కూడా అప్పుడే మారేది. కాగితం మీద భూస్వామి మావోరీయే. తన పొలంలో కాలు పెట్టే హక్కు లేదు, కౌలు నిర్ణయించే హక్కు లేదు, అప్పటి ధరలతో కట్టిన కౌలు ధరలు పెరిగే కొద్దీ చిల్లరగా మారిపోయింది. ఈ పద్ధతిని సరిచేయడానికి చట్టం వచ్చింది 1997లో.

ఇరవయ్యో శతాబ్దంలో పద్ధతులు మారాయి, దిశ మారలేదు. ఆక్లాండ్ నగరానికి 1840లో భూమి ఇచ్చిందే న్గాటి ఫాటువా తెగ. వాళ్ళకు మిగిలిన 700 ఎకరాల ఒరాకే బ్లాకును అమ్మడానికి వీల్లేని భూమిగా కోర్టే ప్రకటించింది. తర్వాత ఆ షరతు సడలించారు, ముక్కలు చేశారు, కొన్నారు, ప్రజావసరాల పేరిట తీసుకున్నారు. వాళ్ళ ఊరి ముందు నుంచే నగరం మురుగు పైపు వేసింది, దాంతో వాన నీళ్ళు పోయే దారి లేక ఊరు మునిగేది. 1952లో ఆ ఊరిని ఖాళీ చేయించి ఇళ్ళు తగలబెట్టారు. తెగకు మిగిలింది పావు ఎకరం శ్మశానం. ఆక్లాండ్‌లో ఉండే మన తెలుగువాళ్ళు వారాంతాల్లో ఫొటోలు దిగే ఒరాకే తీరం ఇదే.

ఇలా ఎక్కడికక్కడ పేరుకున్న కోపం 1975లో ఒక్కటైంది. అంతకుముందు, నలుగురికి మించి యజమానులు లేని మావోరీ భూమిని మామూలు భూమిగా మార్చే చట్టం 1967లో వచ్చింది. దాన్ని జనం చివరి కబ్జా అన్నారు. 79 ఏళ్ళ మావోరీ నాయకురాలు ఫీనా కూపర్ సెప్టెంబర్ 14న ఉత్తర కొసన టె హాపువా నుంచి నడక మొదలుపెట్టింది. ఇక ఒక్క ఎకరం కూడా పోనివ్వం అన్నది నినాదం. సుమారు వెయ్యి కిలోమీటర్లు నడిచి అక్టోబర్ 13న వెల్లింగ్టన్ పార్లమెంటు చేరేసరికి 5,000 మంది, చేతిలో 60,000 సంతకాల పిటిషన్. ఏడాదిన్నర తిరక్కుండానే, ఒరాకేలో మిగిలిన బాస్టియన్ పాయింట్ గుట్ట మీద ఖరీదైన ఇళ్ళు కట్టాలని సర్కారు అనుకుంటే, జో హాక్ నాయకత్వంలో న్గాటి ఫాటువా జనం 1977 జనవరి 5న అక్కడ గుడిసెలేసుకున్నారు. 506 రోజులు ఉన్నారు. 1978 మే 25న పోలీసులు, సైన్యం కలిసి వచ్చి 222 మందిని అరెస్టు చేశారు. పదేళ్ళ తర్వాత సర్కారు ఆ భూమి తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది.

ఒప్పుకోవడానికి దారి వేసింది వైటాంగి ట్రిబ్యునల్, అంటే సర్కారు వైటాంగి ఒప్పందాన్ని మీరిందన్న మావోరీల ఫిర్యాదులు వినే సంస్థ. 1975లోనే పెట్టారు గానీ, ఆ తర్వాత జరిగే తప్పుల్ని మాత్రమే వినాలన్నారు. మాట వరసకు పెట్టినట్టే. 1985లో 1840 దాకా వెనక్కి వెళ్ళి వినొచ్చని మార్చాక ఫిర్యాదులు వెల్లువెత్తాయి. వైకాటో తెగల కూటమి వైకాటో-టైనుయితో 1995లో 17 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల ఒప్పందం, దాన్ని ఖాయం చేసిన చట్టం మీద ఎలిజబెత్ రాణి స్వయంగా సంతకం, అందులోనే క్షమాపణ. 1998లో న్యాయి టాహుతో మరో 17 కోట్లు. ఇవాళ న్యాయి టాహు ఆ దేశంలోని సంపన్న సంస్థల్లో ఒకటి, కాబట్టి ఈ ఒప్పందాలు వట్టివని కొట్టిపారేయలేం. కానీ పోయిన దాని విలువలో ఇవి ఒకటి రెండు శాతమని సాధారణంగా లెక్కిస్తారు. భూమి తీసుకున్నారు, భూమే తిరిగి ఇవ్వాలని వైకాటో జనం పాత మాట. చేతికొచ్చింది ఎక్కువగా డబ్బు.

భూమి రాకపోవడానికి ఒక గట్టి అడ్డం ఉంది. ప్రైవేటు వ్యక్తుల చేతిలో ఉన్న భూమిని తిరిగి ఇమ్మని ట్రిబ్యునల్ సిఫార్సు చేయకూడదని 1993లో చట్టం చేశారు. అంటే జప్తు చేసిన భూమిని సర్కారు ఎంత తొందరగా అమ్మేసుకుంటే, అది తిరిగి రాకుండా అంత భద్రంగా ఉన్నట్టు! ఇవాళ కొనుక్కుని ఉంటున్న కుటుంబానిదేం తప్పన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబుగా నష్టం మొత్తాన్నీ ఒకవైపే మోయమనడం మాత్రం ఎంతవరకు న్యాయం? ఆక్లాండ్ విమానాశ్రయం పక్కన ఇహుమాటావో కథ దీని గురించే. 1863లో అక్కడివాళ్ళను వెళ్ళగొట్టి తీసుకున్న నేల ఒక వలస కుటుంబానికి వెళ్ళింది, 2016లో ఒక పెద్ద నిర్మాణ సంస్థ కొని 480 ఇళ్ళు వేస్తామంది. చట్టప్రకారం అది ప్రైవేటు భూమి, ఒప్పందాల పరిధిలోకి రాదు. 2019 జులైలో ఖాళీ చేయించడానికి పోలీసులు వస్తే వేల మంది వచ్చి చేరారు. 2020 డిసెంబర్‌లో సర్కారే 2.99 కోట్ల డాలర్లకు కొనుక్కోవాల్సి వచ్చింది. తెగకు ఇవ్వడమని అనకుండా, ఇళ్ళ పథకం పేరుతో.

ఇక మిగిలిన ఐదారు శాతం మావోరీ భూమి. 1993లోనే వచ్చిన ఇంకో చట్టం దాన్ని అమ్మడాన్ని చాలా కష్టం చేసింది, ఆ మేరకు పోవడం ఆగింది. కానీ కోర్టు పాతకాలంలో వేసిన వాటాల ముడి విప్పడం ఇంకా ఎవరి వల్లా కాలేదు. ఒక్కో బ్లాకుకు వందలు, కొన్నింటికి వేల మంది వాటాదారులు, వాళ్ళలో బోలెడు మంది ఆస్ట్రేలియాలో. తాత నేల మీద ఇల్లు కట్టుకుందామంటే సహవాటాదారుల అనుమతి కావాలి, కోర్టు కాగితం కావాలి. ఆ భూమిని తాకట్టు పెట్టుకోవడానికి బ్యాంకులు వెనకాడతాయి, అప్పు తిరిగి రాకపోతే వేలం వేసుకోలేరు కదా. దారే లేని, ఎవరూ సాగు చేయని ముక్కల మీద కూడా స్థానిక కౌన్సిళ్ళు పన్ను వేస్తూ పోయాయి, బకాయిలు ఏళ్ళ తరబడి పేరుకున్నాయి. ఆ బకాయిలు మాఫీ చేసే అధికారం కౌన్సిళ్ళకు ఇస్తూ, వాడకంలో లేని మావోరీ భూమికి పన్ను మినహాయిస్తూ 2021లో చట్టం చేశారు. ఇల్లు కట్టుకోవడానికి అప్పు దొరకని సమస్యకు సర్కారు పథకం ఒకటి ఉన్నా, ముందు వాటాదారులను వెతికి పట్టుకోవాల్సిన పని మాత్రం ఆ ఇల్లు కట్టుకునే మనిషిదే.